చిన్న పట్టణములో మనస్సు చూచువారెవరు?

(ద్వారకలో మన తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల నృత్యమునకును పెద్దల పద్యనాటకమునకును నడుమ నాకు అరగంట కాలము కేటాయించిరి. ఉత్సవ సభలో రోగముల ముచ్చట యేల అని కొందరికి తోచవచ్చును. కాని మన సంఘములో పండుగకు కలిసికొనుట ఎంత వాడుకయో, కష్టము వచ్చినపుడు ఒకరినొకరు అడుగుకొనుటయు అంత వాడుకయే. గత రెండు మూడేండ్లుగా మిత్రులు నన్ను పక్కకు పిలిచి అడిగిన ప్రశ్నలలో ఒకటి పలుమార్లు వచ్చినది. "మా ఊళ్లో వాడికి మనసు బాగాలేదండీ. మంచి సైకాలజిస్టు ఎవరైనా ఉన్నారేమో ఎట్లా తెలుసుకోవడం?" అనునదియే ఆ ప్రశ్న. దానికి నాకు తెలిసినంత సమాధానమును నేడు మీ యెదుట పెట్టదలచితిని.

నేను వైద్యుడను కాను. సాహిత్యము, చరిత్ర చదివి సచివాలయములో చేరినవాడను. చట్టములు, నియమములు, ఉత్తరువులు చదువుట నా నిత్యకృత్యము. కావున మనోవ్యాధుల స్వరూపమును గూర్చి ఉపన్యసించుటకు నాకు అధికారము లేదు. ఎవరు అర్హులు, ఆ సంగతి ఏ కాగితమును బట్టి తెలియును, అర్హులు ఊరిలో లేనపుడు ఏ ద్వారము తట్టవలెను అనునంతవరకే నా ప్రసంగము.

మన పరిస్థితి కొంత విచిత్రమైనది. 2005 డిసెంబరు 31న మెట్రో రైలు ద్వారకకు వచ్చిన తరువాత, మనలో అనేకులు ఈ సెక్టార్లలో సొసైటీ ఫ్లాట్లు చూచుకొని స్థిరపడితిమి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు మాత్రము బొబ్బిలిలోనో, మార్కాపురములోనో, గద్వాలలోనో, సిరిసిల్లలోనో ఉన్నారు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగము చేయువానికి సర్వము తెలియునని వారి నమ్మకము. గుండెనొప్పి వచ్చినచో ఏ ఊరికి పోవలెనో, కన్ను మసకైనచో ఏ ఆసుపత్రికి పోవలెనో వారికే మనకన్న బాగుగా తెలియును. పిల్లవాడు నెలరోజులు నిద్రపోకున్నను, తండ్రి పింఛను పుచ్చుకొన్న మరునాటినుండి గది విడిచి రాకున్నను ఎవరిని అడుగవలెనో తెలియక మనకు ఫోను చేయుదురు. వారికి మనమిచ్చు సలహా సరియైనది కావలెనన్నచో ముందు మనము కొంత తెలిసికొనవలసియున్నది.

మొదట పేర్ల చిక్కు విడదీయుదము.

సైకియాట్రిస్టు అనగా ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యములో ఎం.డి. గాని తత్సమానమైన పట్టము గాని పొందిన వైద్యుడు. ఇతడు మందులు వ్రాయును. వైద్య మండలిలో ఇతని పేరు నమోదై యుండును. క్లినికల్ సైకాలజిస్టు వైద్యుడు కాడు, మందులు వ్రాయడు. మనస్తత్వ శాస్త్రములో ఎం.ఏ. గాని ఎం.ఎస్‌సి. గాని చదివిన పిమ్మట ఆసుపత్రిలో రోగుల మధ్య, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందినవాడు. బుద్ధిశక్తిని, జ్ఞాపకశక్తిని, మనఃస్థితిని పరీక్షలచే కొలుచుట, క్రమబద్ధమైన సంభాషణ చికిత్స చేయుట ఇతని పని. మూడవ వర్గము కౌన్సెలర్లు. వీరిలో ఎం.ఏ. చదివి యేండ్ల తరబడి పాఠశాలలలో పనిచేసిన ఉత్తములును ఉన్నారు. ఆరు వారముల తరగతులకు పోయి గోడకు సర్టిఫికెట్టు వ్రేలాడదీసినవారును ఉన్నారు. బోర్డుమీద మాత్రము ఇరువురి పేరును ఒకే పరిమాణపు అక్షరములలో ఉండును.

కోర్టు ఆవరణను తలచుకొనుడు. వకీలు, వకీలు గుమాస్తా, దస్తావేజు లేఖరి ముగ్గురును ఆ చెట్టు క్రిందనే కూర్చుందురు. ముగ్గురికిని పని ఉన్నది, ముగ్గురివలనను ప్రయోజనమున్నది. కాని ఉరిశిక్ష పడు కేసును లేఖరికి అప్పగింపము. మనస్సు విషయములో మాత్రము మనము తెలియక ఆ పనియే చేయుచున్నాము. పరీక్షల భయము, ఉద్యోగపు చికాకు, దంపతుల పొరపొచ్చెము వంటివానికి మంచి కౌన్సెలర్ చాలును. వ్యాధి అని అనుమానము వచ్చినపుడు పై ఇరువురిలో ఒకరు చూడవలెను.

ఇక "లైసెన్సు" సంగతి. ఈ మాట మన అమెరికా బంధువుల నోటినుండి మనకు వచ్చినది. అచట ఒక్కొక్క రాష్ట్రములోను ఒక బోర్డు ఉండి సైకాలజిస్టులకు లైసెన్సు ఇచ్చును. మన దేశములో ఆ స్థానమున ఉన్నది నమోదు. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టమును చేసినది. 1993లో ఆ మండలి చట్టబద్ధ సంస్థ యైనది. ఆర్.సి.ఐ. అని మనము వాడుకగా అనునది ఇదియే. ఆ మండలి కేంద్ర పునరావాస రిజిస్టరు అను పట్టికను నిర్వహించును. క్లినికల్ సైకాలజిస్టు పేరు ఆ పట్టికలో ఉండవలెను. పునరావాసము అనగా వికలాంగులకు సంబంధించినది కదా, మా పిల్లవాని దిగులునకు దానితో నేమి పని అని మీరడుగవచ్చును. చరిత్రవశమున ఈ వృత్తి ఆ మండలి క్రిందికి వచ్చినది, అంతియే. అంధులకు, బధిరులకు, మందబుద్ధులైన పిల్లలకు సేవచేయు వృత్తులతోపాటు దీనినికూడ ఆ చట్టము లెక్కించినది.

ఆ చట్టము 13వ సెక్షను ప్రకారము, రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేయరాదు. చేసినచో ఒక సంవత్సరమువరకు కారాగారము, లేదా 1000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. నేటి కాలమున 1000 రూపాయలు కొన్ని చోట్ల ఒక్క కూర్చోబెట్టుటకు పుచ్చుకొను ఫీజు. కావున జరిమానా భయము మనలను కాపాడునని నమ్ముకొని యుండరాదు. మన విచారణయే మనలను కాపాడవలెను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1955లోనే బెంగుళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో ఇందులకై డిప్లొమా శిక్షణ ఆరంభమైనది. 1974లో ఆ సంస్థ, మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కలిసి నేటి నిమ్‌హాన్స్ అయినవి. ఆ డిప్లొమాయే తరువాత రెండేండ్ల ఎం.ఫిల్. అయినది. దీర్ఘకాలము ఈ వృత్తికి రాజమార్గము ఆ ఎం.ఫిల్. పట్టమే. మండలి గుర్తించిన కోర్సులు ఇతరములును ఉన్నవి. కోర్సుల పేర్లు కాలక్రమమున మారుచుండును. అందుచేత పట్టము పేరును బట్టి నిర్ణయింపక నమోదును బట్టి నిర్ణయించుట మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018లో అమలులోనికి వచ్చినది. అదియు క్లినికల్ సైకాలజిస్టు అనగా ఎవరో నిర్వచించుచు పునరావాస మండలి గుర్తింపునే ప్రమాణముగా గైకొన్నది.

ఒక సందేహము తరచుగా వచ్చును. పేరుకు ముందు "డాక్టరు" అని ఉన్నచో చాలదా? చాలదు. మనస్తత్వ శాస్త్రములో పరిశోధన చేసి పిహెచ్.డి. పొందినవారు డాక్టరు అని వ్రాసికొనుట న్యాయమే. కాని గ్రంథాలయములో చేసిన పరిశోధన వేరు, రోగి యెదుట కూర్చుండి నేర్చిన విద్య వేరు. క్లినికల్ సైకాలజిస్టు కాని ఇతర సైకాలజిస్టుల విషయమున 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషను చట్టము వచ్చినది. ఆ చట్టము రాష్ట్రములలో మండలులను, రిజిస్టర్లను ఏర్పరుపుమన్నది. మీ రాష్ట్రమున అట్టి రిజిస్టరు దొరకినచో దానినికూడ చూడుడు.

ఇచట ఒక ఉదాహరణము చెప్పెదను. పేర్లు, ఊర్లు చెప్పను. నా సహోద్యోగి యొకరి మేనల్లుడు ప్రకాశము జిల్లాలోని ఒక చిన్న పట్టణమువాడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము హాస్టలులో ఉండి చదువుచు దసరా సెలవులకు ఇంటికి వచ్చి, తిరిగి పోనన్నాడు. తిండి తగ్గినది. రాత్రులు మేలుకొనియుండుట, పగలు పండుకొనుట అలవాటైనది. తల్లి మొదట ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టించినది. పిమ్మట బజారులో "సైకాలజిస్ట్" అని బోర్డు చూచి అచటికి తీసికొనిపోయినది. ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాడు. పిల్లవానితో మర్యాదగా మాటలాడెను, ధైర్యము చెప్పెను, ఉదయమున లేచి పరుగెత్తుమనెను. పండ్రెండు మారులు రమ్మని ముందుగానే డబ్బు కట్టించుకొనెను. రెండు నెలలు గడచినవి. పిల్లవాడు నానాటికి చిక్కిపోయెను.

అపుడు నా సహోద్యోగి ద్వారకనుండి అక్కకు ఫోను చేసి ఒక్క ప్రశ్న అడుగుమనెను. "అక్కా, ఆయన ఆర్.సి.ఐ. నంబరు ఎంతో కనుక్కో. కోపం తెచ్చుకోకుండా చెప్పాడా, అది కూడా చూడు." ఆయన చూపినది ఏదో ప్రైవేటు సంస్థ ఉత్తరముల ద్వారా నేర్పిన కోర్సు సర్టిఫికెట్టు క్రమసంఖ్య. అది తెలిసిన మరునాడే తల్లీకొడుకులు బస్సెక్కి జిల్లా కేంద్రములోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగమునకు పోయిరి. వైద్యుడు పరీక్షించి ఇది దిగులు వ్యాధి, మందును సంభాషణ చికిత్సయు రెండును కావలెనని చెప్పి, మరొక పట్టణములో నమోదైన క్లినికల్ సైకాలజిస్టునకు చీటి వ్రాసి యిచ్చెను. మొదటి రెండు మారులు ప్రత్యక్షముగా పోయిరి. తరువాత పదునైదు దినముల కొకమారు ఫోనులో వీడియో ద్వారా చికిత్స సాగినది. ఆ సంవత్సరము పరీక్ష పోయినది. మరుసటి సంవత్సరము పిల్లవాడు పరీక్షకు కూర్చుండెను.

ఈ కథలో గమనింపదగినది ఒకటి. బోర్డు పెట్టినవాడు చెప్పిన మాటలలో తప్పులేదు. వ్యాధిని వ్యాధియని గుర్తించు శిక్షణ అతనికి లేదు. తన చేతిలో లేనిదానిని మరొకరికి పంపవలెనను జ్ఞానమును అతనికి ఎవరును నేర్పలేదు. అర్హత గలవానివద్ద మనము కొనుక్కొనునది ముఖ్యముగా ఆ విచక్షణయే.

అర్హులు చిన్న పట్టణములలో ఏల లేరు? శిక్షణనిచ్చు సంస్థలు తక్కువ. అవియు పెద్ద నగరములలో ఉన్నవి. నగరములో చదివినవారు నగరముననే నిలిచిపోవుట లోకసహజము. 2015-16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యమున 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగినది. పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నారని తేలినది. వారిలో వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స అందనివారే. ఆ 12 రాష్ట్రములలో మన రెండు తెలుగు రాష్ట్రములును లేవు. ఐనను మన ఊర్ల స్థితి అంతకన్న మిన్నగా ఉన్నదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

కనుక ఊరిలో దొరకుట లేదని చేతులు ముడుచుకొనరాదు. దొరకిన బోర్డులోనికి పోవుటయు తగదు. నడుమ నాలుగు మార్గములున్నవి.

మొదటి మార్గము జిల్లా ఆసుపత్రి. 1982లో మన దేశము జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించినది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్‌వారు చేసిన ప్రయోగము ఫలించినందున, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలలో మొదలైనది. ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటి యని చెప్పుటకు సంతోషించుచున్నాను. ఈ కార్యక్రమము క్రింద జిల్లాకు ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, మానసిక సామాజిక కార్యకర్త, నర్సు ఉండవలెను. మంజూరైన ఉద్యోగము వేరు, నిండిన ఉద్యోగము వేరు అను సత్యమును ఈ సభలోనివారికి నేను వివరింపనక్కరలేదు. అందుచే బయలుదేరుటకు ముందు ఆసుపత్రికి ఫోను చేసి, మానసిక వైద్యుని ఓ.పి. ఏ దినములలో ఉండునో, సైకాలజిస్టు ఉన్నారో లేరో కనుగొనుట మంచిది. ఇటీవల ప్రభుత్వ వైద్య కళాశాలలు హెచ్చినవి. సిద్దిపేటలో 2018లో, సంగారెడ్డిలో 2022లో, విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలో 2023లో ఇట్టివి తెరచిరి. వైద్య కళాశాల ఆసుపత్రికి మానసిక వైద్య విభాగము ఉండవలెనని నియమము. పది యేండ్ల క్రిందట విశాఖ మానసిక ఆసుపత్రికో, హైదరాబాదు ఎర్రగడ్డకో పోవలసినవారికి నేడు మరింత దగ్గరలోనే ద్వారము తెరచియుండవచ్చును. చిన్నపిల్లలకు మాటలు ఆలస్యమైనను, చదువు అంటకున్నను జిల్లా ఆసుపత్రులలోని శీఘ్ర గుర్తింపు కేంద్రములను అడుగుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఏర్పడినవి అవి.

రెండవ మార్గము ఫోను. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను సేవ ప్రారంభమైనది. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్లు పనిచేయును. ఫీజు లేదు. తెలుగులో మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాటలాడును. అవసరమైనచో పై నిపుణులకు కలుపును, దగ్గరి ఆసుపత్రి చెప్పును. దీర్ఘచికిత్సకు ఇది బదులు కాదు గాని ఎచట మొదలుపెట్టవలెనో తెలియనివారికి దారిచూపు దీపము. ఇంటికి పోయిన వెంటనే ఈ సంఖ్యను మీ అమ్మగారి ఫోనులో ఎక్కించుడు.

మూడవ మార్గము దూరమునుండి చికిత్స. రిజిస్టరును మండలివారి వెబ్‌సైటులో చూడవచ్చును. విజయవాడలోనో, తిరుపతిలోనో, వరంగల్లులోనో ఉన్న నమోదైన నిపుణుడు వీడియోలో తెలుగులో మాటలాడగలడు. బుద్ధిశక్తి పరీక్షలకు, ధ్రువపత్రములకు మాత్రము స్వయముగా పోవలసియుండును. మొదటి మారు ప్రత్యక్షముగా చూపించి, తరువాత వీడియోకు మారుట ఉత్తమము. చిన్న ఊరిలో ఒక ఇబ్బంది యున్నది. తలుపు మూసికొని మాటలాడుటకు గది దొరకదు. గోడకు ఆవల పెదనాన్నగారు వార్తాపత్రిక చదువుచుందురు. ఆ గంటసేపు ఇల్లు విడిచి గుడికో, పొలమునకో పోవుటకు పెద్దలను ఒప్పించుటయు చికిత్సలో భాగమే.

నాల్గవ మార్గము పొరుగు పట్టణము. సొంత ఊరిలో అర్హులున్నను కొందరు పోరు. ఎవరైన చూచి పెండ్లి సంబంధమునకు అడ్డు చెప్పుదురేమో యని భయము. ఆ భయమును నేను ఎగతాళి చేయను. ఇరువది కిలోమీటర్ల ఆవలి పట్టణమునకు పోయి చికిత్స పొందుట, సిగ్గుతో ఇంట కూర్చుండుటకన్న వేయిరెట్లు మేలు. 2017 చట్టము 23వ సెక్షను రోగి వివరములు గోప్యముగా ఉంచుమన్నది. ఆ సంగతి అడిగి నిర్ధారించుకొను హక్కు మీకున్నది.

నిపుణుని కలిసినపుడు ఐదు ప్రశ్నలు మర్యాదగా అడుగుడు. మీ నమోదు సంఖ్య యెంత? శిక్షణ ఎచట పొందితిరి? మా సమస్యకు మీరు ఏ విధమైన చికిత్స చేయుదురు? సుమారు ఎన్ని మారులు రావలెను, ఫీజు ఎంత? ఏ లక్షణములు కనిపించినచో మమ్ములను సైకియాట్రిస్టు వద్దకు పంపుదురు? అర్హత గలవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. కడపటి ప్రశ్నకు వచ్చు సమాధానమే మనిషిని పట్టియిచ్చును. "నావద్దకు వచ్చినవారికి మరొకరితో పని ఉండదు" అన్నవానికి నమస్కరించి బయటికి రండు. మూడు దినములలో నయము చేసెదననువానిని, డాక్టరు వ్రాసిన మాత్రలు మానుమను సైకాలజిస్టును, పెద్దమొత్తము ముందుగా కట్టుమనువానిని నమ్మకుడు.

ఒక్క సందర్భములో మాత్రము ఈ వెదకులాట అంతయు ప్రక్కకు పెట్టవలెను. ఎవరైన చావు మాట ఎత్తినను, తమకు తాము హాని చేసికొనబోయినను రిజిస్టరు వెదకుచు కూర్చుండరాదు. వారిని ఒంటరిగా విడువక, దగ్గరనున్న ఆసుపత్రికి, ఏ ఆసుపత్రి యైనను సరియే, తక్షణము తీసికొనిపోవలెను. పోలీసు కేసు అగునని దాచిపెట్టు కుటుంబములు ఇప్పటికిని ఉన్నవి. 2017 చట్టము 115వ సెక్షను ప్రకారము, ఆత్మహత్యా ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మనోవేదనలో ఉండెనని భావింపవలెనే గాని శిక్షింపరాదు. ఈ యొక్క వాక్యము మీ బంధువులందరికిని తెలియజేయుడు.

చదువుకొను పిల్లల తల్లిదండ్రులకు మరొక మాట. విశాఖపట్నములో 2023లో ఒక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు దేశములోని విద్యాసంస్థలన్నింటికిని మార్గదర్శకములు విధించినది. 100 మందికి తక్కువ కాని విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు, లేదా సామాజిక కార్యకర్త కనీసము ఒకరైన ఉండవలెను. అంతకన్న చిన్న సంస్థ బయటి నిపుణులతో లాంఛనముగా ఏర్పాటు చేసికొనవలెను. కావున మన చిన్న పట్టణపు జూనియర్ కళాశాలలో పిల్లవానిని చేర్చునపుడు హాస్టలు భోజనము, ర్యాంకులు అడుగుటతోపాటు, "మీ కౌన్సెలర్ ఎవరు, వారి అర్హత ఏమి?" అనియు అడుగవచ్చును. పదిమంది తల్లిదండ్రులు అడిగినచో కళాశాల జవాబు వెదకికొనును.

ఖర్చు విషయము. అదే 2017 చట్టము 21వ సెక్షను, శరీరవ్యాధులకు వలెనే మనోవ్యాధుల చికిత్సకును బీమా వర్తింపజేయుమని బీమా సంస్థలను ఆదేశించినది. ఊరిలోని బంధువులు బీమా పాలసీ తీసికొనియున్నచో ఆ కాగితములు ఒకమారు విప్పి చదువుడు. చదువుట మన వృత్తి కదా.

ఇంతవరకు ఊరిని గూర్చి చెప్పితిని. ఇక మన ద్వారకను గూర్చి కొంచెము. ఇది మహానగరములో భాగము. మెట్రో ఉన్నది. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగములున్నవి. నగరమునకు ఆ చివర దిల్షాద్ గార్డెన్‌లో, షాహదరా పాత మానసిక ఆసుపత్రి స్థానమున 1993లో ఏర్పడిన ఇహ్‌బాస్ సంస్థ ఉన్నది. సి.జి.హెచ్.ఎస్. వెల్‌నెస్ కేంద్రపు వైద్యుని అడిగినచో ప్రభుత్వ ఆసుపత్రిలోని నిపుణునకు పంపును. అన్నియు ఉన్నవి. కాని తాతగారు పోయిన పిమ్మట కొడుకు వెంట ఇచటికి వచ్చిన అవ్వగారి సంగతి ఆలోచింపుడు. ఆమెకు హిందీ రాదు. ఏడవ అంతస్తు బాల్కనీలో కూర్చుండి రోజంతయు దిగులుపడును. "గుండె దడదడలాడుతోంది, కాళ్లల్లో సత్తువ లేదు, ఏమీ తోచడం లేదు" అని ఆమె తెలుగులో చెప్పినదానిని మనుమడు హిందీలో "నొప్పులంటున్నది" అని మూడు మాటలలో తేల్చును. వైద్యుడు నొప్పికి మాత్ర వ్రాయును. చేయి విరిగినచో ఎముక ఏ భాషలోనైనను ఒకే తీరున కనిపించును. మనస్సునకు భాష తప్ప మరొక ఎక్స్‌రే లేదు. తెలుగు తప్ప రాని అవ్వగారికి ఇన్ని ఆసుపత్రుల ద్వారకయు చిన్న పట్టణమే. ఆమెకును 14416 తెలుగులో పలుకును. ఆమెకును ఆంధ్ర, తెలంగాణములనుండి వీడియోలో మాటలాడు తెలుగు నిపుణులు కావలెను. మనుమని దుబాసీగా కూర్చుండబెట్టవలదని నా ప్రార్థన. తన కొడుకు కోడలి ఇంట తనకేమి కష్టమో అవ్వగారు మనుమని యెదుట చెప్పదు.

ఇట్టి సందర్భమున మన సంఘము చేయదగిన చిన్న పని యొకటి నాకు తోచుచున్నది. తెలుగు మాటలాడు క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిస్టుల పట్టిక యొకటి తయారుచేయుదము. జిల్లాలవారీగా, వారి అనుమతితో, నమోదు సంఖ్యతో సహా వ్రాయుదము. ప్రతి పేరును రిజిస్టరులో సరిచూచిన పిమ్మటనే చేర్చవలెను. నమోదును నిర్ణీత కాలమున కొకమారు పునరుద్ధరించుకొనవలసి యుండును గనుక ప్రతి ఉగాదికి మరల సరిచూడవలెను. ముగ్గురు సభ్యులు చాలుదురు. వారు రోగము ఏదో చెప్పరాదు, ఎవరు అడిగిరో బయటపెట్టరాదు. పట్టికనుండి మూడు పేర్లు ఇచ్చి ఊరకుండవలెను. ఫైలు నడపుట, కాగితము సరిచూచుట, రహస్యము కాపాడుట అను ఈ మూడు పనులును మనకు జీతమిచ్చి నేర్పినవి. వానిని మన ఊరివారి కొరకు ఒక గంటసేపు వినియోగించుట మనకు భారము కాదు.

సంఘపు సర్వసభ్య సమావేశమున ఈ సూచనను చర్చించి, యోగ్యమని తోచినచో ఆమోదింపవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. పట్టికకు పేర్లు చెప్పగలవారును, సరిచూచు పనికి ముందుకు రాగలవారును సభ ముగిసిన పిమ్మట కార్యదర్శిగారికి తమ పేర్లు ఇవ్వవలెను.  ఇక పద్యనాటకమునకు వేళయైనది.